నేరమూ, బేరమూ

‘బేరం’ అనే మాట వినగానే నాకు మా ఊరి సంత కళ్ళ ముందు కదులుతుంది. వంకాయల గుట్టలు, తూకపు రాళ్ళు, “ఆఖరి మాట చెప్పమ్మా” అనే గొంతు, నాలుగడుగులు వేసి వెళ్ళిపోతున్నవారిని వెనక్కి పిలిచే గొంతు. అటువంటి మాటకు న్యాయస్థానంలో చోటుంటుందని, అది కూడా చాటుమాటుగా కాక న్యాయమూర్తి ఎదుట, రికార్డు సాక్షిగా, సర్వోన్నత న్యాయస్థానపు ఆమోదంతో ఉంటుందని, అమెరికాకు వచ్చిన కొత్తలో ఎవరైనా చెప్పి ఉంటే హాస్యమాడుతున్నారనుకునేవాణ్ణి.

మనలో చాలామందికి అమెరికా క్రిమినల్ కోర్టుతో పరిచయం సినిమాల ద్వారానే. 1957లో సిడ్నీ లూమెట్ తీసిన ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ చూడనివారు కూడా దాని హిందీ రూపమైన ‘ఏక్ రుకా హువా ఫైస్లా’ను ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. ఉక్కపోసే ఒక గది, పన్నెండుమంది సామాన్యులు, పదకొండుమంది ‘దోషి’ అంటే ఒకే ఒక్కడు ‘కాస్త మాట్లాడుకుందాం’ అనడం. ఆ సినిమాను నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అటువంటి గది ప్రతి కోర్టులోనూ ఉన్నది. ఆ గది దాకా వచ్చే కేసులు నూటికి ఎన్ని అన్నదే అసలు ప్రశ్న.

అమెరికా రాజ్యాంగం ఈ విషయంలో పొదుపు పాటించలేదు. జ్యూరీ విచారణను మూల రాజ్యాంగంలో ఒకసారి చెప్పి, చాలదన్నట్టు 1791లో చేర్చిన ఆరవ సవరణలో మళ్ళీ చెప్పింది. జాప్యం లేని బహిరంగ విచారణ, పక్షపాతం లేని జ్యూరీ, తనపై సాక్ష్యం చెప్పేవారిని ఎదురెదురుగా ప్రశ్నించే హక్కు, వకీలు సాయం – ఇవన్నీ ముద్దాయికి ఇచ్చిన మాటలు. ఐదవ సవరణ ప్రకారం అతను నోరు విప్పనవసరం లేదు. ఫెడరల్ కోర్టులో పెద్ద నేరం మోపాలంటే ముందుగా 16 నుండి 23 మంది ఉండే గ్రాండ్ జ్యూరీలో కనీసం 12 మంది ‘ఈ కేసు నడపదగినదే’ అనాలి. రాష్ట్రాలకు ఆ నిర్బంధం లేదు. కొన్ని గ్రాండ్ జ్యూరీని పిలుస్తాయి, కొన్ని న్యాయమూర్తి ఎదుట ప్రాథమిక విచారణతో సరిపెడతాయి.

ఈ మాటల్లో కొన్ని నిలబడడానికి చాలా కాలం పట్టింది. వకీలు సంగతే చూడండి. 1961లో ఫ్లోరిడాలోని పనామా సిటీలో ఒక పూల్ హాలు తాళం పగలగొట్టాడని క్లారెన్స్ ఎర్ల్ గిడియన్ అనే నిరుపేదను పట్టుకున్నారు. తనకు వకీలును ఇప్పించమని అడిగితే, ఉరిశిక్ష పడే కేసుల్లో తప్ప ఈ రాష్ట్రంలో ఆ సౌకర్యం లేదన్నారు. తన వాదన తానే వినిపించుకుని, ఓడి, ఐదేళ్ళ శిక్షతో జైలుకు వెళ్ళాడు. అక్కడినుండి పెన్సిలుతో, జైలు కాగితాల మీద సుప్రీంకోర్టుకు అర్జీ రాశాడు. 1963 మార్చిలో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ అతని పక్షాన తీర్పు చెప్పారు. ఆ ఆగస్టులో అదే ఊళ్ళో అదే కేసును మళ్ళీ విచారించారు. ఈసారి పక్కన వకీలు ఉన్నాడు. జ్యూరీ గంటసేపు ఆలోచించి నిర్దోషి అన్నది. ఆ పూల్ హాలు మారలేదు, నేరారోపణ మారలేదు, ప్రశ్నలడిగేవాడొక్కడు కొత్తగా వచ్చాడు. విచారణ అనే ప్రక్రియ ఎంత శక్తిమంతమైనదో నాకు ఈ ఒక్క ఉదంతం చెప్పినంతగా ఏ గ్రంథమూ చెప్పలేదు.

నాకు పౌరసత్వం వచ్చిన కొన్నాళ్ళకు జ్యూరీ పిలుపు వచ్చింది. ఇక్కడి మిత్రులు ఆ ఉత్తరాన్ని పన్ను నోటీసులా చూస్తారు. తప్పించుకునే మార్గాలు చెప్పడానికి నలుగురు ఫోన్ చేశారు. నేను మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పిన వేళకు అరగంట ముందే వెళ్ళాను. పెద్ద హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, పల్చటి కాఫీ. మధ్యాహ్నానికి కాస్త ముందు ముప్పై నలభై మందిని పైఅంతస్తులోని కోర్టు గదికి తీసుకువెళ్ళారు. ముద్దాయి అక్కడే ఉన్నాడు. పాతికేళ్ళుంటాయి. తనది కాని కోటు వేసుకున్నట్టున్నాడు, చేతులు పొడుగ్గా ఉన్నాయి. మేము లోపలికి వస్తుంటే తన వకీలుతో పాటు లేచి నిలబడ్డాడు. అది మా కోసం అని నాకు తెలియడానికి ఒక క్షణం పట్టింది.

జ్యూరీ ఎంపికను ‘వ్వార్ డీర్’ అంటారు. జడ్జి గారు, ఇరుపక్షాల వకీళ్ళు ప్రశ్నలు వేస్తారు. మీ కుటుంబంలో పోలీసులెవరైనా ఉన్నారా? మీ ఇంట్లో ఎప్పుడైనా దొంగతనం జరిగిందా? యూనిఫారం వేసుకున్న సాక్షి మాటను మామూలు మనిషి మాట కన్నా ఎక్కువ నమ్ముతారా? ముద్దాయి బోనెక్కి ఏమీ చెప్పకపోతే ‘ఏదో దాస్తున్నాడు’ అనుకుంటారా? ఈ చివరి ప్రశ్న నన్నే అడిగారు. నిజాయితీగా ఆలోచిస్తే, మన పెంపకంలో ఉన్నదే ఆ అనుమానం: తప్పు చేయనివాడు నోరెందుకు మూసుకుంటాడు? అయినా ఆ మౌనానికి ఏ అర్థమూ అంటగట్టకుండా ఉండడానికి ప్రయత్నిస్తానన్నాను. ప్రాసిక్యూటరు ఏదో రాసుకున్నాడు. పక్షపాతం ఉందని రుజువు చేసి ఎంతమందినైనా తప్పించవచ్చు. కారణం చెప్పకుండా తప్పించడానికి మాత్రం లెక్క ఉంది. ఫెడరల్ కోర్టులో మామూలు ఫెలొనీ కేసుల్లో ముద్దాయికి పది, ప్రభుత్వానికి ఆరు. రంగు చూసి తప్పించరాదని 1986లో బాట్సన్ కేసులో తీర్పు వచ్చింది. కారణం చెప్పనవసరం లేనప్పుడు అసలు కారణం రంగేనని పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

ఇలా ఏరి కూర్చోబెట్టిన మనుషులు సాక్ష్యమంతా విని, సహేతుకమైన సందేహానికి తావులేకుండా నేరం రుజువైందా అన్నది తేల్చాలి. అది ఏకగ్రీవంగా ఉండాలి. (ఏకగ్రీవం అంటే ఒకే మెడ. పన్నెండు తలలకు ఒకే మెడ కుదరడం ఎంత కష్టమో ఆ సమాసం చేసినవాడికి తెలిసే ఉంటుంది.) లూసియానా, ఒరెగాన్ రాష్ట్రాల్లో పదిమంది ఒప్పుకుంటే చాలుననే పద్ధతి చాలాకాలం నడిచింది. 2020లో రామోస్ కేసుతో దానికి తెరపడింది. నాకు అన్నిటికన్నా వింతగా తోచేది జ్యూరీ కారణాలు చెప్పనవసరం లేకపోవడం. మన దేశంలో సెషన్స్ జడ్జి పేజీలకు పేజీలు రాసి ఎందుకు నమ్మాడో, ఎందుకు నమ్మలేదో చెప్పుకోవాలి. ఇక్కడ పన్నెండుమంది ఒకటి రెండు మాటలు చెప్పి ఇళ్ళకు వెళ్ళిపోతారు. నిర్దోషి అన్నారంటే ప్రభుత్వానికి అప్పీలు కూడా లేదు.

మనకూ జ్యూరీ ఉండేది. 1959 నాటి నానావతి కేసులో బొంబాయి జ్యూరీ 8–1తో నిర్దోషి అంటే సెషన్స్ జడ్జి దాన్ని ఒప్పుకోక హైకోర్టుకు పంపాడు. అక్కడ శిక్ష పడింది. మన దేశపు చివరి జ్యూరీ కేసు అదేనని చాలామంది రాస్తుంటారు గాని, నిజం కాదు. ఆ తరువాత కూడా కొన్నిచోట్ల జ్యూరీలు కూర్చున్నాయి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో ఆ అధ్యాయం ముగిసింది.

మా కేసు మాటకు వస్తాను. భోజన విరామం తరువాత మమ్మల్ని మళ్ళీ లోపలికి పిలవలేదు. వరండాలో గంటన్నర నిలబెట్టారు. చివరకు జడ్జి గారే బయటకు వచ్చి, కేసు పరిష్కారమైందని, ముద్దాయి నేరం ఒప్పుకున్నాడని చెప్పారు. నలుగురు పెద్దగా నిట్టూర్చారు. ఆయన చిరునవ్వుతో, “మీ సమయం వృథా అయిందనుకోకండి, మీరు ఇక్కడ ఉన్నారు కనుకనే ఇది తేలింది” అన్నారు. మర్యాద కోసం అన్నమాట కాదది, అక్షర సత్యం. న్యాయం చెప్పడానికి పిలిచారనుకుని వెళ్ళాను. నేను అక్కడ చేసిన పని, తలుపు అవతల నిలబడి ఒక మనిషికి భయం కలిగించడం.

2012లో సుప్రీంకోర్టు ఒకే రోజున వెలువరించిన రెండు తీర్పుల్లో జస్టిస్ కెన్నెడీ లెక్క చెప్పారు. ఫెడరల్ కోర్టుల్లో దోషనిర్ధారణలు నూటికి 97, రాష్ట్రాల్లో 94, నేరాంగీకారం ద్వారా వచ్చినవే. ఇదేదో వ్యవస్థకు అతికించిన తోక కాదు, వ్యవస్థ ఇదేనన్నది ఆ తీర్పుల సారాంశం. బేరంలో ఇచ్చిపుచ్చుకునేవి తెలిసినవే. పెద్ద నేరాన్ని చిన్న నేరంగా మారుస్తారు, నాలుగు ఆరోపణల్లో మూడు ఎత్తివేస్తారు, లేదా తక్కువ శిక్షకు సిఫారసు చేస్తారు. విచారణకు వెళ్ళి ఓడిపోతే మాత్రం పూర్తి ధర చెల్లించాలి.

ఈ అలవాటు ఎప్పుడు బలపడిందని వెతికితే నాకు ఒక తమాషా సంగతి దొరికింది. 19వ శతాబ్దం నుండే బేరాలున్నా, ఫెడరల్ కోర్టులను ముంచెత్తినది 1920 నుండి 1933 వరకు సాగిన మద్యనిషేధం. సారా కేసులు కుప్పలు తెప్పలుగా వచ్చిపడితే, వాటిని వదిలించుకోవడానికి కొన్ని కోర్టులు ‘బార్గెయిన్ డే’లు పెట్టాయి. ఆ రోజున వరసలో నిలబడి నేరం ఒప్పుకున్నవాడు స్వల్ప జరిమానాతో బయటపడేవాడు. ఇది చదువుతుంటే రావిశాస్త్రి గారు గుర్తుకు రాక మానుతారా! విశాఖలో వకీలుగా పనిచేసిన ఆయన, మద్యనిషేధ కాలపు కోర్టులను ‘ఆరు సారా కథలు’లో మనకు చూపించారు. అమెరికాలో మద్యనిషేధం పోయింది, బేరం మిగిలిపోయింది.

బేరం ఎంత దూరం వెళ్ళగలదో చెప్పడానికి పాల్ హేస్ కేసు చాలు. కెంటకీలో 88 డాలర్ల 30 సెంట్ల దొంగ చెక్కు చెల్లించబోయాడని అతనిపై ఆరోపణ. ఒప్పుకుంటే ఐదేళ్ళకు సిఫారసు చేస్తాను, విచారణ కావాలంటే నీ పాత నేరాలు తవ్వి యావజ్జీవం పడే ఆరోపణ మోపుతాను అన్నాడు ప్రాసిక్యూటరు. హేస్ ఒప్పుకోలేదు. ప్రాసిక్యూటరు అన్నంత పనీ చేశాడు. జ్యూరీ దోషి అన్నది, యావజ్జీవం పడింది. 1978లో సుప్రీంకోర్టు 5–4తో, ఇందులో రాజ్యాంగ విరుద్ధం ఏమీ లేదన్నది. బేరంలో ఇచ్చిపుచ్చుకోవడం సహజమేనట. సంతలో వంకాయలు అమ్మే మనిషి కొనేవాడి మెడ మీద కత్తి పెట్టదు కదా అని నా సందేహం.

అమెరికాలో కోర్టులు బహిరంగం. ఎవరైనా వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చోవచ్చు. ఆ జ్యూరీ పిలుపు తరువాత నేను సెలవు దొరికినప్పుడల్లా మా కౌంటీ కోర్టుకు వెళ్ళి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. నేరాంగీకారం ఒక చిన్న క్రతువు. 1969 నాటి బాయ్‌కిన్ తీర్పు తరువాత, ముద్దాయి తెలిసి, తన ఇష్టంతో ఒప్పుకున్నాడని రికార్డులో కనబడాలి. అందుకని జడ్జి గారు వరసగా అడుగుతారు. మీకు జ్యూరీ విచారణ హక్కు ఉన్నది, వదులుకుంటున్నారా? సాక్షులను ప్రశ్నించే హక్కు ఉన్నది, వదులుకుంటున్నారా? మౌనంగా ఉండే హక్కు? ఈ ఉదయం మత్తు కలిగించే మందులేమైనా తీసుకున్నారా? మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా? ప్రతి ప్రశ్నకూ ముద్దాయి ఒక్క క్షణం తన వకీలు వైపు చూసి, “యెస్, యువరానర్” అనో “నో, యువరానర్” అనో అంటాడు. రాజ్యాంగంలో రెండేసి సార్లు చెప్పిన మాటలు పది నిమిషాల్లో ఒక్కొక్కటిగా రాలిపోతాయి. బెదిరించారా అన్న ప్రశ్నకు ‘అవును’ అని చెప్పినవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. నేరం చేయలేదంటూనే శిక్షకు ఒప్పుకోవచ్చు కూడా! 1970 నాటి ఆల్ఫర్డ్ తీర్పు అందుకు దారి ఇచ్చింది. ఉరి తప్పించుకోవడానికి హెన్రీ ఆల్ఫర్డ్ చేసిన పని అదే.

మనవాళ్ళకు ఇందులో ఇంకొక ముడి ఉంది. కొన్నేళ్ళ క్రితం మా మేనత్త గారి ఊరినుండి ఎమ్మెస్‌కు వచ్చిన అబ్బాయి ఒకడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ఒక దుకాణంలో డబ్బు కట్టకుండా వస్తువులు బయటకు తెచ్చాడని కేసు పెట్టారు. “అంకుల్, ఒప్పుకుంటే ఫైనుతో పోతుందట, ఆరు నెలలు బుద్ధిగా ఉంటే రికార్డు కూడా ఉండదట, సంతకం పెట్టేయమంటారా?” అన్నాడు. “ఇమిగ్రేషన్ లాయరుకు చూపించకుండా దేని మీదా సంతకం పెట్టకు బాబూ” అన్నాను. క్రిమినల్ కోర్టు కేసును కొట్టివేసినా, నేరం ఒప్పుకుని ఏదో ఒక శిక్ష గాని ఆంక్ష గాని పడితే చాలు, ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో అది దోషనిర్ధారణే. పైగా దొంగతనాన్ని ఆ చట్టం నైతిక పతనంతో కూడిన నేరాల కింద లెక్కిస్తుంది. హోసే పడీయా అనే లారీ డ్రైవరు ఈ దేశంలో నలభై ఏళ్ళకు పైగా ఉన్నవాడు, వియత్నాం యుద్ధంలో పనిచేసినవాడు. ఇన్నేళ్ళున్నావు కనుక నీకు ఇమిగ్రేషన్ బాధ లేదన్న తన వకీలు మాట నమ్మి గంజాయి కేసులో నేరం ఒప్పుకుంటే, దేశబహిష్కరణ ఎదురైంది. ఈ సంగతి ముందుగా చెప్పడం వకీలు విధి అని 2010లో సుప్రీంకోర్టు అతని కేసులోనే తేల్చింది. 2019లో ఫార్మింగ్‌టన్ నకిలీ విశ్వవిద్యాలయం కేసులో మన తెలుగు కుర్రాళ్ళకు శిక్షలు పడినదీ నేరాంగీకారాల మీదనే.

మా అబ్బాయి కేసు చివరకు దొంగతనంతో సంబంధం లేని ఏదో చిల్లర నేరంగా మారింది. జరిమానా కట్టి బయటపడ్డాడు. నిజంగా తీశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, నేను అడగలేదు. తరువాత ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, “నాలుగుసార్లు కోర్టుకు వెళ్ళాను అంకుల్. ఆ రోజు అసలేం జరిగిందని నన్ను ఎవరూ అడగలేదు. మా లాయరైతే చెప్పబోతుంటే కూడా ఇప్పుడు వద్దన్నాడు” అన్నాడు. ఫిర్యాదులా అనలేదు. మజ్జిగ పోసుకుంటూ అన్నాడు.

బేరాన్ని పూర్తిగా తీసివేయమనే ధైర్యం నాకు లేదు. నిజంగా నేరం చేసినవాడికి అది కొంత దయ. అత్యాచార బాధితురాలిని బోనెక్కించి గుచ్చి గుచ్చి అడగనవసరం లేకుండా పోతుంది. అందరూ విచారణ కోరితే ఇక్కడి కోర్టులు నెల తిరక్కుండానే కుప్పకూలుతాయని వకీలు మిత్రుడొకాయన అంటారు. ఏళ్ళ తరబడి వాయిదాలు నడిచే మన దేశంలో కూడా 2006 నుండి, ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాలకు బేరాన్ని చట్టంలో చేర్చారు. 2024 నుండి అమలులో ఉన్న కొత్త సంహిత కూడా దాన్ని అట్టే పెట్టింది. నేరం చేసినవాడి సంగతి సరే, చేయనివాడు ఈ సంతలోకి వస్తే అతనికి చెప్పే ధర ఏమిటన్నదే నన్ను నిద్రపోనివ్వదు.

2010 మే నెలలో న్యూయార్కులోని బ్రాంక్స్‌లో కలీఫ్ బ్రౌడర్ అనే పదహారేళ్ళ కుర్రవాణ్ణి, ఒక బ్యాగు దొంగిలించాడని పట్టుకున్నారు. బెయిలు 3000 డాలర్లు. ఇంట్లోవాళ్ళు కట్టలేకపోయారు. అప్పటికే వేరే కేసులో ప్రొబేషన్ మీద ఉన్నందువల్ల కొన్నాళ్ళకు ఆ బెయిలు కూడా పోయింది. రైకర్స్ ద్వీపపు జైలులో మూడేళ్ళున్నాడు, అందులో సుమారు రెండేళ్ళు ఒంటరి గదిలో. కోర్టుకు ముప్పై సార్లకు పైగా తీసుకువెళ్ళారు. ప్రతిసారీ ప్రాసిక్యూషన్ సిద్ధంగా లేదనో, జడ్జి ఖాళీగా లేరనో వాయిదా. ఈలోగా బేరం దిగుతూ వచ్చింది. చివరకు 2013లో, రెండు చిన్న నేరాలు ఒప్పుకో, అనుభవించిన శిక్ష చాలు, ఇవాళే ఇంటికి వెళ్ళు అన్నారు. తాను తీయలేదని, తీశానని చెప్పనని, విచారణ కావాలని అన్నాడు. మళ్ళీ జైలుకే తీసుకువెళ్ళారు. కొన్ని నెలల తరువాత, ఫిర్యాదు చేసిన మనిషి దేశంలోనే లేడని తేలి కేసు కొట్టివేశారు. 2015 జూన్‌లో బ్రౌడర్ తల్లిదండ్రుల ఇంట్లోనే ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి 22 ఏళ్ళు. అతని కేసు కోసం జ్యూరీ కూర్చోనే లేదు.